డగ్లస్ లేక్ కేబిన్లకు మన వంతు: మిషిగన్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

మిషిగన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఆన్ ఆర్బర్‌లోని యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో చదువుకున్న తెలుగువాళ్లకు, అక్కడ పిల్లల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకు నమస్కారం.

కొత్త కార్యవర్గం వచ్చిన ప్రతిసారీ మొదటి మీటింగులోనే ఒక మాట వస్తుంది: ఈ ఏడాది సేవా కార్యక్రమం ఏం చేద్దాం? ఫుడ్ డ్రైవ్, రక్తదానం, మన ఊళ్లలో బడులకు బెంచీలు, వరదలొస్తే సహాయ నిధి. అన్నీ మంచివే. ఏదీ మానేయమని చెప్పడం లేదు. ఈసారి ఇంకొక పని కూడా చేర్చమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌కు రాష్ట్రం ఉత్తర కొసన, డగ్లస్ లేక్ ఒడ్డున ఒక బయలాజికల్ స్టేషన్, అంటే అడవినీ సరస్సునూ దగ్గరుండి చదివే పరిశోధన కేంద్రం, ఉంది. అక్కడ విద్యార్థులు, పరిశోధకులు ఉండే పాత కేబిన్లలో ఒక్కదాన్ని తిరిగి కట్టించే ఖర్చుకి మనమంతా కలిసి మూడేళ్లలో లక్ష డాలర్లు పోగుచేద్దాం. ఇదీ నా విన్నపం. ఎందుకో, ఎలాగో, ఏ షరతుల మీదో కింద రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఆ స్టేషన్ ఉందన్న సంగతే మనలో చాలామందికి తెలియదు. మాకినాక్ బ్రిడ్జి చూడ్డానికి పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కారెక్కించుకుని వెళ్లేటప్పుడు దాని దగ్గర్లోంచే వెళ్లిపోతాం. పక్కన పెల్‌స్టన్ అనే చిన్న ఊరు. అక్కడి చలికి ఆ ఊరికి 'దేశపు ఐస్‌బాక్స్' అని పేరు. స్టేషన్ 1909లో మొదలైంది. ఇప్పుడు దాని కింద పదివేల ఎకరాల పైచిలుకు అడవి, సరస్సు ఒడ్డు, బురదనేలలు ఉన్నాయి. 1979లో యునెస్కో దాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించింది. యూనివర్సిటీ చేతికి వచ్చిన నాటికి మాత్రం అది అడవే కాదు. కలప కంపెనీలు వైట్ పైన్ చెట్లను నరుక్కుపోయాక మిగిలిన మోళ్లు, కొమ్మలు మళ్లీమళ్లీ తగలబడిన నేల. ఎవరికీ పనికిరాదనుకున్న నేల మీద అడవి తిరిగి ఎలా లేస్తుందో వందేళ్లకు పైగా కూర్చుని చూస్తున్న చోటు అది.

నిజంగానే కూర్చుని చూస్తున్నారు. కావాలని కాల్చి మరీ చూస్తున్నారు. 1936లో ఒక ముక్క, తర్వాత 1948, 1954, 1980, 1998, 2017ల్లో ఒక్కో ముక్క నరికి కాల్చారు. ఇప్పుడు అక్కడికి వెళ్లిన విద్యార్థి ఒకే పూటలో వేర్వేరు వయసుల అడవుల్ని పక్కపక్కన నడిచి చూడొచ్చు. 2008లో చేసిన పని వింటే మన రైతులెవరైనా నాలుగు తిడతారు: దాదాపు 6,700 ఆస్పెన్, బర్చ్ చెట్లకు చుట్టూ బెరడు వలిచి, నిలువునా ఎండిపోయేలా చేశారు. ముసలి ఆస్పెన్లు ఎలాగూ పోయేవే. అవి పోతే అడవి గాల్లోంచి కార్బన్ పీల్చుకునే శక్తి ఎంత పడిపోతుందో ముందే తెలుసుకుందామని ఆ ప్రయోగం. 46 మీటర్ల టవరు మీద పరికరాలు పెట్టి రాత్రీపగలూ కొలిచారు. అనుకున్నట్టు పడిపోలేదు. ఏళ్ల తరబడి నీడలో ఎదురుచూస్తున్న మేపుల్, ఓక్, పైన్ చెట్లు ఆ ఎండను అందిపుచ్చుకున్నాయి.

సరస్సులో ఈతకొట్టి బయటికొచ్చాక ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, దురద. మిషిగన్‌లో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిన గొడవే, స్విమ్మర్స్ ఇచ్ అంటారు. నీళ్లలో మురికి వల్లనో, నాచు వల్లనో అనుకునేవాళ్లు. నత్తల్లోంచి బయటికొచ్చే ఒక పరాన్నజీవి తాలూకు పిల్లపురుగులు చర్మంలోకి దూరడం వల్ల అని 1928లో తేల్చి చెప్పింది విలియం కోర్ట్ అనే పరాన్నజీవుల శాస్త్రవేత్త. ఆ పని జరిగింది ఈ డగ్లస్ లేక్ దగ్గరే.

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గ్రేట్ లేక్స్ ఒడ్డున ఇసుకలో గుడ్లు పెట్టే పైపింగ్ ప్లోవర్ అనే పిట్ట ఉంది. ఇసుక రంగే దానిదీ, గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. 1986లో దాన్ని అంతరించిపోయే జాతుల జాబితాలో చేర్చినప్పుడు ఈ సరస్సులన్నిటి చుట్టూ కలిపి ఇరవై జంటలు కూడా లేవు. తల్లిదండ్రులు చనిపోయిన గూళ్లలోంచి, అలలు ముంచేస్తున్న గూళ్లలోంచి గుడ్లు తీసి ఈ స్టేషన్‌కు తెస్తారు. డెట్రాయిట్ జూ ఆధ్వర్యంలో వేరే వేరే జూల సిబ్బంది వంతులవారీగా వచ్చి, పొదిగించి, పిల్లలు ఎగరగలిగేదాకా సాకి, మళ్లీ ఒడ్డున వదులుతారు. మన వారాంతపు షాపింగుకీ ఆ పిట్టకీ సంబంధం లేకపోవచ్చు. కానీ మనం పన్నులు కట్టే రాష్ట్రంలో ఇంత పని నడుస్తోందని తెలిస్తే బాగుంటుంది కదా.

ఇప్పుడు కేబిన్ల సంగతి. పైన చెప్పిన పనుల్లో ఏదీ ఆన్ ఆర్బర్ నుంచి వచ్చి పోతూ చేసేది కాదు. ఒకవైపే నాలుగు గంటల పైన డ్రైవ్. గుడ్డు ఆఫీసు వేళలు చూసి పగలదు. పక్షుల లెక్క తీయాలంటే తెల్లారకముందే అడవిలో ఉండాలి, చిమ్మటల వల రాత్రి వేసి పొద్దున్నే విప్పాలి. అక్కడ ఉంటేనే చదువు, అక్కడ ఉంటేనే పరిశోధన. 1909లో మొదలుపెట్టినప్పుడు గుడారాల్లో ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో చిన్న చిన్న కేబిన్లు వచ్చాయి, వాటిలో చాలావాటికి రేకు తొడుగు. ఒకటే గది, మంచాలు, కరెంటు దీపం. స్నానానికి, బాత్‌రూముకు బయట ఉన్న ఉమ్మడి కట్టడానికి నడవాలి. భోజనం అందరికీ కలిపి డైనింగ్ హాల్లో.

మా అమ్మాయి ఒక వేసవిలో అక్కడ కోర్సు చేసింది. బాత్‌రూము బయట అని విని వాళ్ల నానమ్మ ఫోన్‌లోనే దిగులు పెట్టుకున్నారు: 'ఇంత దూరం అమెరికా వెళ్లి, చీకట్లో టార్చిలైటు పట్టుకుని దొడ్లోకి పోవడమేమిటే?' మా అమ్మాయి మాత్రం తిరిగొచ్చాక నెల రోజులు ఆ కేబిన్ కబుర్లే చెప్పింది. రూమ్మేటు ఎవరు, రాత్రి సరస్సు మీద లూన్ పక్షి ఎలా అరిచింది, ఆకుల ఆల్బమ్ ఎలా కుదిరింది. పిల్లలకు కేబిన్ చిన్నదైనా ఫర్వాలేదు. నా టెన్షన్ వేరే. నేను వృత్తిరీత్యా పాత కట్టడాలు తనిఖీ చేసి, మరమ్మతుకు అంచనాలు వేసే సివిల్ ఇంజినీరుని. చెక్క కేబిన్‌కు ఉత్తర మిషిగన్‌లో వందేళ్ల వయసంటే ఏమిటో నాకు తెలుసు.

అది అర్థం కావాలంటే ఇక్కడి నేల గురించి ఒక ముక్క చెప్పాలి. చలికాలంలో నేలలో తడి గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది లోతు చాలకపోతే ఆ ఉబ్బు పునాదినే పైకి ఎత్తేస్తుంది. వసంతంలో మంచు కరిగాక దింపుతుంది, కానీ ఎత్తిన చోటే దింపదు. అందుకే మిషిగన్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పునాది కనీసం 42 అంగుళాల లోతుకి వెళ్లాలి. పాతకాలపు వేసవి కేబిన్లు ఇలా కట్టినవి కావు. నేల మీద రాళ్లో సిమెంటు దిమ్మెలో పేర్చి, వాటిమీద చెక్క చట్రం ఎక్కించేవాళ్లు. నాలుగు నెలల వాడకానికి అది చాలనుకున్నారు. ఏటా ఒక మూల కాస్త లేచి, ఒక మూల కాస్త కుంగి, యాభై అరవై చలికాలాలు గడిచాక తలుపు చట్రంలో ఇరుక్కుంటుంది, కిటికీ వేస్తే ఒక పక్క వేలు దూరేంత సందు మిగులుతుంది. ఆ సందులోంచి ముందు దోమలు వస్తాయి, తర్వాత ఎలుకలు.

కొన్నేళ్ల కిందట వేరే ఒక పాత సమ్మర్ క్యాంపు కేబిన్లను తనిఖీ చేయడానికి వెళ్లాను. పేరు చెప్పను, అలాంటివి ఈ రాష్ట్రంలో బోలెడు. బయటికి ముచ్చటగా ఉంది, కొత్తగా రంగు వేశారు. గోడ మొత్తం బరువు మోసే అడుగు దూలాన్ని ఇక్కడ సిల్ అంటారు. మోకాళ్ల మీద కూర్చుని, పైన్ ఆకుల చెత్త పక్కకు లాగి, దానిలోకి స్క్రూడ్రైవర్ గుచ్చాను. వెన్నలో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకు తడిసిన కాఫీపొడిలాంటిది అంటుకుని వచ్చింది, దాంతోపాటు రెండు పెద్ద నల్ల చీమలు. అవి చెక్కను తినే చీమలు కావు, తడికి మెత్తబడ్డ చెక్కను తొలిచి ఇల్లు కట్టుకునేవి. అంటే తడి అక్కడికి ఎన్నేళ్లుగానో చేరుతోందన్నమాట. రంగు పొర తప్ప ఆ మూలలో నిలబడటానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ కేబిన్‌కు ఎవరూ ద్రోహం చేయలేదు. ఏటా ఎంతో కొంత ఖర్చుపెట్టారు. కానీ కంటికి కనిపించే రంగుకే డబ్బు దొరికింది, కింద దూలానికి దొరకలేదు.

కట్టడాల వృత్తిలో ఉన్న ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఒక దశ దాటాక మరమ్మతు కన్నా తిరిగి కట్టడమే చవక. పైగా 1978కి ముందు ఇళ్లకు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి గీకడం కూడా మామూలు పనివాళ్లు చేసేది కాదు, దానికి వేరే సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కావాలి. ఇంకొకటి, వీల్‌చెయిర్‌లో ఉన్న విద్యార్థి సంగతేమిటి? 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి ఎన్నో ఏళ్ల ముందు కట్టిన గదిలో తలుపు ఇరుకు, ముందు మెట్లు, బాత్‌రూముకు దారి ఇసుక. చెట్ల మీద ఎంత ఇష్టమున్నా ఆ పిల్లో పిల్లాడో బ్రోషర్ చూసి ఊరుకోవాలి. తిరిగి కట్టేటప్పుడు ఒక ర్యాంపు, ఒక వెడల్పు తలుపు పెట్టడానికయ్యే అదనపు ఖర్చు పెద్దదేం కాదు. పాతదానికి అతికించాలంటేనే తల ప్రాణం తోకకొస్తుంది.

మీటింగులో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: యూనివర్సిటీ దగ్గర కుప్పలకొద్దీ డబ్బుంది కదా, మనమెందుకివ్వాలి? న్యాయమైన ప్రశ్న. నిజమే, ఆన్ ఆర్బర్ ఎండోమెంట్ (దాతలిచ్చిన శాశ్వత నిధి) సుమారు రెండు వేల కోట్ల డాలర్లు. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లక్షకు పైగా జనం కూర్చునే స్టేడియం ఉంది. కానీ ఆ రెండు వేల కోట్లు ఒక్క హుండీలో పడి లేవు. వేల మంది దాతలు వేలాది విడి నిధులుగా ఇచ్చినవి, చాలావాటికి 'ఇందుకే వాడాలి' అన్న షరతు ఉంటుంది. గుండె జబ్బుల పరిశోధనకిచ్చిన డబ్బుతో కేబిన్ కప్పు మార్చడం కుదరదు. పరిశోధన గ్రాంట్లు కూడా టవరుకో, పరికరానికో, పరిశోధక విద్యార్థి జీతానికో వస్తాయి. పడుకునే గదికి గ్రాంటు తేవడం చాలా కష్టం. దాతలదీ అదే వరస. ల్యాబ్ మీద పేరు వేయించుకోవడానికి ముందుకొచ్చినంత ఉత్సాహంగా, మురుగు పైపుకో పునాది స్తంభానికో ఎవరూ రారు.

అలాగని యూనివర్సిటీని వదిలేయమనడం లేదు. యూనివర్సిటీకి మనం రాసే ఉత్తరంలో మొదటి షరతే ఇది కావాలి: మేం ఇచ్చే ప్రతి డాలరుకూ మీరొక డాలరు కలపాలి. అడిగితే పోయేదేముంది? చేయి చాచి తీసుకునేవాళ్ల ముందు మొహమాటపడే అలవాటు మనకు గుళ్లో కూడా లేదు. లెక్క చూపించమంటాం, రసీదు అడుగుతాం. ఇక్కడ మాత్రం ఎందుకు వెనకాడాలి?

రెండో ప్రశ్న కూడా తెలుసు. మన ఊళ్లలో బడుల కప్పులు కారుతుంటే ఇక్కడి సరస్సు ఒడ్డున కేబిన్లు కట్టిస్తామా? ఈ మాటకు నా దగ్గర గట్టి సమాధానం లేదు, ఆ కప్పులు నిజంగానే కారుతున్నాయి కాబట్టి. ఊరి బడికి వెళ్లే డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా ఇటు తిప్పొద్దు. నేను అడుగుతున్నది ఇంకో పద్దులోంచి. మన వేడుకల్లో సినిమావాళ్ల విమానం టికెట్లకు, హోటలు గదులకు, స్టేజి లైట్లకు ఎంత పోతుందో కోశాధికారులకు నాకన్నా బాగా తెలుసు. ఒక్క ఏడాది ఒక్క సెలబ్రిటీ తగ్గితే ఉగాది ఆగిపోదు. మన పిల్లల కూచిపూడి, మన ఆవిడల పులిహోర, ఆ చివరి గంటలో వచ్చే నాటిక, ఇవే కదా అందరూ గుర్తుపెట్టుకునేది.

మూడో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. మన పిల్లలంతా కంప్యూటర్ సైన్స్, అక్కడికి వెళ్లేదెవరు? ప్రీమెడ్ పేరుతో బయాలజీ తీసుకునే పిల్లలు మన ఇళ్లలో తక్కువేం లేరు, వాళ్లు వెళ్లొచ్చు. ఆ టవరు మీద ఏళ్ల తరబడి పోగుపడ్డ కొలతల గుట్టను తవ్వడానికి డేటా సైన్స్ పిల్లలూ కావాలి. కానీ అసలు మాట చెప్పనా? మన పిల్లలు వెళ్లకపోయినా ఇవ్వాలి. ముప్పై నలభై ఏళ్లుగా ఈ రాష్ట్రంలో ఇళ్లు కొన్నాం, గుళ్లు కట్టాం, కార్ల కంపెనీల్లో, హాస్పిటళ్లలో ఉద్యోగాలు చేశాం. గుడి కట్టింది మనకోసం, సంఘం పెట్టింది మనకోసం. మనవాళ్లు కానివాళ్లు కూడా వాడుకునేది ఒక్కటైనా ఈ నేల మీద మన డబ్బుతో నిలబడితే తప్పేముంది?

చదువుకునే పిల్లకు తల దాచుకునే చోటు ఇవ్వడం మనకు ఎవరో నేర్పాల్సిన సంగతి కాదు. వారాలు పెట్టి చదివించిన ఇళ్లు మన తాతల తరంలో ఊరూరా ఉన్నాయి. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి ముందుండి రెడ్డి హాస్టల్ పెట్టించారు. పల్లెల నుంచి పట్నం వచ్చిన తెలుగు కుర్రాళ్లకు ఆ రోజుల్లో ఉండటానికి చోటు దొరకడమే సగం చదువు. యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో హార్వర్డ్‌కు బయల్దేరినప్పుడు మామగారి సాయంతోపాటు కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు కూడా తోడైంది. అక్కడికెళ్లాక ఖర్చులకు చాలక ఆయన హాస్పిటల్లో రాత్రిపూట పోర్టరు పని చేశారు. ఫీజు కట్టినవాళ్లను గుర్తుపెట్టుకున్నట్టు గది ఇచ్చినవాళ్లను చరిత్ర గుర్తుపెట్టుకోదు, అది వేరే సంగతి.

గుర్తు అంటే పేర్ల గొడవ వచ్చింది. సత్రంలో సీలింగ్ ఫ్యాను మూడు రెక్కల మీదా దాత పేరు, ఊరు, తండ్రిగారి పేరు రాయించుకున్న జాతి మనది. ఫ్యాను తిరిగితే కనపడదు, ఆగితే ఉక్కపోస్తుంది. కేబిన్ తలుపు మీద యాభై కుటుంబాల పేర్లతో ఇత్తడి పలక పెట్టించాలని మీలో కొందరికి ఇప్పటికే ఆలోచన వచ్చి ఉంటుంది. దయచేసి వద్దు. ఆ ప్రాంతంలో పేరు పెట్టే హక్కు మనకన్నా ముందున్నవాళ్లు వేరే ఉన్నారు. స్టేషన్‌కు పక్కనే ఉన్న బర్ట్ లేక్ ఒడ్డున అక్కడి ఆదివాసులైన ఒట్టావా, చిప్పెవా ప్రజల ఊరు ఉండేది. పన్నులు కట్టలేదన్న సాకుతో ఒక కలప వ్యాపారి ఆ భూమి కొనేశాడు. 1900 అక్టోబరులో కౌంటీ షెరిఫ్ స్వయంగా వచ్చి, జనాన్ని బయటికి గెంటి, వాళ్ల ఇళ్లకు కిరసనాయిలు పోసి నిప్పు పెట్టించాడు. ఆ బర్ట్ లేక్ బ్యాండ్ (తెగ) వారసులు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నారు, తెగగా ఫెడరల్ గుర్తింపు కోసం దశాబ్దాలుగా పోరాడుతూ వచ్చారు. కొత్త కేబిన్‌కు పేరు కావాలనుకుంటే, వాళ్లను అడిగి వాళ్ల భాషలో పెట్టమని యూనివర్సిటీకి మనం సూచించవచ్చు. ఇల్లు పోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లు పెట్టిన పేరు ఆ గడప మీద ఉంటే నాకు సంతోషం. మన పేర్లు రసీదులో ఉంటాయి, ఇన్‌కం టాక్స్‌కు అది చాలు.

ఇక లెక్కలు. లక్ష డాలర్లలో డెబ్బై అయిదు వేలు కట్టడానికి, పాతిక వేలు నిర్వహణకి శాశ్వత నిధిగా పెట్టమంటాను. లక్షతో కేబిన్ మొత్తం పూర్తవుతుందా అంటే, అది యూనివర్సిటీ ఆర్కిటెక్టు చెప్పాల్సిన మాట. వాళ్ల మ్యాచింగ్ కూడా కలిస్తే చిన్న ఒంటి గది కేబిన్‌కు దగ్గరికి రావాలని నా అంచనా. కొందరు అంతా కట్టడానికే పెడదామంటారు. నేను ఒప్పుకోను. ఆ స్క్రూడ్రైవర్ దిగిన దూలం కథ అంతా నిర్వహణ డబ్బు లేని కథే. ఆన్ ఆర్బర్ ఎండోమెంట్ నిధులు ఏటా, గడచిన ఏడేళ్ల సగటు విలువ మీద నాలుగున్నర శాతం పంచుతాయి. పాతిక వేలకు ఏడాదికి 1,125 డాలర్లు. నవ్వొచ్చేంత చిన్న మొత్తం. కానీ ఏటా ఒకసారి కప్పు మీద పైన్ ఆకులు ఊడ్చి, సిల్ చుట్టూ మట్టి తీసి, పగిలిన అతుకులకు కాకింగ్ (సందులు పూడ్చే జిగురు) పట్టించి, ఒకసారి పైనుంచి కిందదాకా చూడటానికి అది సరిపోతుంది. ఆ పని ఏటా జరిగితే కేబిన్ మన మనవల కాలందాకా నిలుస్తుంది.

కొత్త కేబిన్ ఎలా ఉండాలనేదాని మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. రిసార్టు వద్దు. దాతల డబ్బు దండిగా వస్తే ఏసీ, అటాచ్డ్ బాత్‌రూము, గ్రానైట్ పెట్టేసి, తర్వాత వాటి నిర్వహణ ఖర్చుకని పిల్లల దగ్గర ఫీజు పెంచడం నేను చాలాచోట్ల చూశాను. పాత కేబిన్ ఎంత చోటులో ఉందో అంతే చోటు చాలు. నేల గడ్డకట్టే లోతుకన్నా కిందకి వెళ్లే పునాది, మంచు నిలవకుండా జారిపోయే ఏటవాలు రేకు కప్పు, నేలకు ఎత్తుగా దూలాలు, కింద గాలి ఆడే సందు, దోమతెర వేసిన చిన్న వరండా. గోడల్లో ఇన్సులేషన్ పెడితే మే నెలలోనూ అక్టోబరులోనూ వాడుకోవచ్చు. పరిశోధకులకు ఇప్పుడు ఆ నెలలే కీలకం, చలికాలం ముందుకీ వెనక్కీ జరుగుతోంది కాబట్టి. పాత గోడల మీద ఎప్పటివో విద్యార్థులు పెన్సిల్‌తో రాసుకున్న పేర్లుంటే ఆ పలకలు మాత్రం విప్పి దాచమనాలి. వరండాలో బిగిస్తే మరీ మంచిది.

డబ్బు ఇచ్చే తీరు గురించి రెండు మాటలు. సంఘం ఖాతాలోకి తీసుకుని మళ్లీ పంపడం కన్నా, కుటుంబాలు నేరుగా యూనివర్సిటీకే ఇచ్చి, బయలాజికల్ స్టేషన్ కేబిన్ల కోసమని స్పష్టంగా రాయడం మేలు. లెక్కల తగాదా ఉండదు, పన్ను రాయితీ కాగితం నేరుగా వస్తుంది. మన ఉద్యోగాల్లో చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంతా తామూ కలుపుతాయి, హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఒక ఫారం నింపాలి, అంతే. మనలో సగం మంది ఆ ఫారం ఎప్పుడూ తెరిచి ఉండరు. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకు కూడా నగదు విరాళాల మీద జంటకు రెండు వేల డాలర్ల దాకా మినహాయింపు వచ్చింది. ఎవరి సంగతి వాళ్లు సీపీఏని అడిగి చూసుకోండి. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న కుర్ర జంటలను మాత్రం ఎవరూ మొహమాటపెట్టొద్దు. ఇరవై డాలర్లిచ్చినా రెండు వేలిచ్చినా రసీదు ఒకటే సైజులో ఉంటుంది.

తొందర ఎందుకంటే, అక్కడ కట్టుబడికి దొరికే కాలం చాలా తక్కువ. వేసవంతా కేబిన్ల నిండా విద్యార్థులుంటారు, చలికాలమంతా నేల గడ్డకట్టి ఉంటుంది. పిల్లలు ఖాళీ చేసిన దగ్గర్నుంచి నేల గట్టిపడేలోపు పునాది పడాలి. ఆ కొద్దిపాటి వ్యవధి పట్టుకోవాలంటే కాంట్రాక్టరుతో మాట వసంతంలోనే కావాలి. అంటే మన తీర్మానం అంతకుముందే జరగాలి.

కార్యవర్గాలకు నా కోరిక ఇది. వచ్చే మీటింగు అజెండాలో దీనికి పది నిమిషాలు ఇవ్వండి. తీర్మానం నెగ్గితే, అన్ని సంఘాల తరఫునా ఒకే ఉత్తరం స్టేషన్ డైరెక్టరుకు, యూనివర్సిటీ డెవలప్‌మెంట్ ఆఫీసుకు పంపుదాం: మేం ఇంత ఇస్తాం, మీరింత కలపండి, నిర్వహణ నిధి విడిగా పెట్టండి, ర్యాంపు ఉండాలి, పేరు మాట బర్ట్ లేక్ వాళ్లతో మాట్లాడండి, ఏటా ఒకసారి లెక్క, నాలుగు ఫొటోలు పంపండి. డ్రాఫ్టు నేను రాసి తెస్తాను. స్టేషన్ వాళ్లు అనుమతిస్తే, మంచు కరిగాక నా సొంత ఖర్చుతో వెళ్లి కట్టడాలు చూసి రాగలను. తనిఖీకి ఫీజు తీసుకోను. నాతోపాటు ఇంకో ఇద్దరు ఇంజినీర్లు, ఒక అకౌంటెంటు వస్తామంటే కారులో చోటుంది. దారిలో తినడానికి పెరుగన్నం నేను తెస్తాను, ఆవకాయ ఎవరైనా పట్టుకురండి.

ఇట్లు,
డెట్రాయిట్ శివార్లలో ఉండే ఒక తెలుగు సివిల్ ఇంజినీరు